వంతెన మీద వడ్లు

మా ఏటి వంతెన ముందు ఫొటో దిగడానికి వచ్చేవాళ్లు నన్ను పక్కకు జరగమంటారు. "అవ్వా, జర అటు జరుగు, నీ వెనుక తీగలు కనపడ్తలేవు" అంటారు. నేను జరగను. వాళ్లు కాసేపు చూసి, గొణుక్కుని, నన్ను కూడా కలుపుకునే ఫొటో దిగి వెళ్లిపోతారు. ఎంతమంది ఇళ్లలో నా ముడుచుకున్న మొహం గోడకు వేలాడుతోందో నాకు తెలియదు. వేలాడనీ.

నేను మూడో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత బర్రెల వెంట పంపారు. చదివిన ఆ కాస్త మరిచిపోకుండా ఉండడానికి, కిరాణా దుకాణంలో పొట్లం కట్టి ఇచ్చిన కాగితం కూడా విప్పి, చదివి, మడిచి దాచేదాన్ని. ఇప్పుడు ఇది రాస్తున్నది నా మనుమరాలి పోయినేటి పుస్తకాల్లో మిగిలిపోయిన తెల్ల కాగితాల మీద. రాసే పని నాకు అలవాటు లేదు. అయినా ఈ సంగతి నోటితో ఎంతమందికి చెప్పినా నా కడుపు చల్లబడలేదు, అందుకని రాస్తున్నాను.

రాష్ట్రం వచ్చాక మా ఊరిని పట్నంలో కలిపారు. ఏటికి అవతల పట్నం, ఇవతల మేము. అంతకుముందు నీళ్లలో మునిగే చిన్న కట్ట ఒకటి ఉండేది. వానాకాలంలో ఏరు వస్తే దవాఖాన లేదు, బడి లేదు, అంగడి లేదు. వంతెన కావాలని అడిగింది మేమే. తహసీలు ఆఫీసు ముందు ఎండలో కూర్చుని అడిగాం. కాబట్టి నాకు వంతెన మీద కోపమని ఎవరూ అనుకోవద్దు.

వంతెన కట్టారు. రెండు పెద్ద స్తంభాలు ఆకాశంలోకి లేచి, కొసన ఒకదాని వైపు ఒకటి వంగి ఉంటాయి. వాటి నుంచి తెల్లటి ఇనుప తీగలు వరసగా దిగి వంతెనను పట్టుకుని ఉంటాయి, మగ్గం మీద పడుగు సాగదీసినట్టు. పొద్దు గూకితే ఆ తీగలకు రంగు దీపాలు వెలుగుతాయి. పట్నం పేరు చెబితే ఇప్పుడు అందరూ ఈ వంతెన బొమ్మే చూపిస్తారు. బస్సు స్టాండు గోడ మీద అదే, మిఠాయి డబ్బా మీద అదే. చూడడానికి బాగుంటుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. బాగుంటుంది కాబట్టే దాని కింద ఏం పోయిందో ఎవరూ అడగరు. నా కోపం అక్కడ.

పోయింది మా బండ.

ఏటి ఒడ్డున, ఇవతలి వైపు, భూమిలోంచి పైకి తేలిన పరుపు బండ అది. ఏనుగు వీపులాగా నున్నగా, ఏటి వైపు కాస్త వాలి ఉండేది. ఊరి పంటంతా దాని మీదే ఆరేది. యాసంగి వడ్లు, వానాకాలం వడ్లు, కందులు, మిరపకాయలు అన్నీ. పైన ఎండ కాల్చేది, కింద బండ కాల్చేది. పొద్దున పోసిన వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ సాళ్లు తీస్తూ నడిస్తే మధ్యాహ్నానికి గింజ పంటి కింద కటుక్కుమనేది. వాన పడినా నీళ్లు నిలిచేవి కావు, వాలుకు జారి ఏట్లో కలిసేవి. ఎవరి జాగా ఎవరిదో గీత గీసి చెప్పినవాళ్లు లేరు, కొట్లాడినవాళ్లూ లేరు. బండలో తెల్ల చారలు రెండు ఉండేవి, వాటి మధ్యది మాది. మా అత్త నన్ను మొదటి పంటకు అక్కడికి తీసుకుపోయి, చారల మీద వేలు పెట్టి చూపించింది. మా కింది జాగా పక్కింటి చెల్లెలిది. చెల్లెలంటే నా తోడబుట్టింది కాదు, మసీదు పక్క ఇంట్లో ఉండే తురకల ఆడమనిషి. పొలం లేదు, కౌలు మడి చేసుకుంటుంది. నలభై ఏళ్లుగా నన్ను అక్కా అంటుంది, నేను చెల్లే అంటాను.

వంతెన పని మొదలైనప్పుడు టెంటు వేసి మమ్మల్ని పిలిచారు. తెల్లబట్టల మనిషి ఒకాయన మైకు పట్టుకుని, బండ జాగాలో వంతెన చూసే పార్కు వస్తుందన్నాడు. మాలో ఎవరో లేచి, వడ్లు యాడ ఆరబోసుకోవాలె అని అడిగారు. "మీకు సిమెంటు కల్లం కట్టిస్తం. గీ బండకంటె మంచిగ. ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో చాట ఉంది, నేను కొట్టలేదు.

కల్లం రాలేదు. పార్కు వచ్చింది. బండను పగలగొట్టారా అంటే అదీ లేదు. దాని మీద ఎర్రమట్టి పోశారు. ఆ మట్టి మీద లారీలో చాపచుట్టల్లా తెచ్చిన గడ్డిని పరిచారు. కింద బండ కాగుతుంటే పైన గడ్డి ఎట్లా బతుకుతుంది? ఎండాకాలం రాగానే పసుపు పచ్చబడింది. దానికి రోజూ ట్యాంకరు. మా వాడకట్టులో నల్లా వచ్చే పూట బిందెలు వరస పెట్టుకుని మేము కూర్చుంటే, మా కళ్ల ముందు నుంచే ట్యాంకరు కారుకుంటూ పోయి బండకు నీళ్లు పోసి వచ్చేది. నేను అంట్లు కడిగిన నీళ్లు కూడా పారబోయను, బీర పాదుకు పోస్తాను. ఆ ట్యాంకరును చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

రెండు పంటలు ఎట్లాగో ఇంటి ముందు బాట మీద ఆరబోశాం. తర్వాత ఆ బాట మీద ఆటోలు పెరిగాయి. ఆ ఏడు యాసంగి కోతకు కోత మిషను దొరకడమే ఆలస్యమైంది. మిషను కోస్తే గింజ పచ్చిగా వస్తుంది, చేత్తో పట్టుకుంటే చల్లగా తగులుతుంది. అదే వారం మబ్బులు పట్టడం మొదలైంది. ఆరని వడ్లను కొనుగోలు కేంద్రంలో ముట్టుకోరు. తడిస్తే కుప్పలోనే మొలకలొస్తాయి. మా ఇంటి ఏడాది తిండి, వచ్చే పంట విత్తనం, అప్పుసప్పు, అన్నీ ఆ సంచుల్లోనే ఉన్నాయి.

తెల్లవారి లేచి నా కొడుకుతో చెప్పాను. "ట్రాలీ పిలువు. వడ్లు బిర్జి మీద పోద్దాం."

వాడు నోరు తెరిచాడు. "అమ్మా, అది ఫొటోలు దిగే జాగా."

"ఫొటోలు తింటవా నువ్వు? పిలువు."

వంతెనకు ఒక పక్క నడిచేవాళ్ల కోసం వెడల్పాటి బాట ఉంది. నున్నటి రాళ్లు పరిచారు. రెండు వైపుల నుంచీ ఏటి గాలి. నిజానికి అంత మంచి కల్లం చుట్టుపక్కల ఎక్కడా లేదు. నేనూ కోడలూ సంచులు విప్పి పోశాం. అంచుల వెంట రాళ్లు పెట్టాం, ఎవరూ తొక్కకుండా. పక్కింటి చెల్లె కూడా తన మూటలు తెచ్చి మా కింద పోసింది, బండ మీద పోసిన వరసలోనే. ఎవరూ చెప్పలేదు, అట్లా కుదిరింది.

కావలి పిల్లవాడు ఈల ఊదుకుంటూ పరుగెత్తి వచ్చాడు. పై ఊరివాడే, కొత్తగా నౌకరీలో చేరాడు.

"ఓ అవ్వా! ఏం పని గిది? ఇది బిర్జి, కల్లం గాదు!"

"కల్లం యాడుందో చూపియ్యి, గాడికే పోత."

"నాకెట్ల తెలుస్తది?"

"తెల్వనప్పుడు పోయి ఈల ఊదుకో."

"సార్ చూస్తె నా నౌకరి పోతది అవ్వా."

"నీ నౌకరి కోసం నా వడ్లు మురగబెట్టుకోవాల్నా? మీ ఇంట్ల ఏం తింటరు బిడ్డా, గీ తీగలు పీక్కొని తింటరా?"

చెల్లె నా చేయి పట్టుకుంది. "ఊకో అక్కా, పిల్లగాడేం జేస్తడు." వాడి వైపు తిరిగి, "నువ్వు గటు మొహం పెట్టి నిలబడు బేటా. మేం లేమనుకో" అంది.

వాడు కాసేపు తల గోక్కుని, నిజంగానే పట్నం వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

ఎండ బాగానే కాసింది. వడ్లలో సాళ్లు తీస్తూ నడిచాను. మధ్యాహ్నం దాటాక పెళ్లికి ముందు ఫొటోలు దిగే జంట ఒకటి వచ్చింది. ఆ పిల్ల వేసుకున్న గౌను తోక రెండు మూరల వెనక దాకా ఈడ్చుకుంటూ వస్తోంది. ఫొటోలాయన నన్ను చూసి సంబరపడిపోయాడు.

"అవ్వా, చాటతోని జర వడ్లు ఎగజల్లవా? వీళ్లు వెనుక నుంచి నడుస్తరు. మస్తు వస్తది."

"ఎందుకు, తలంబ్రాలా? పెండ్లి కాకముందే పోసుకుంటరా?"

"గట్ల గాదు అవ్వా, పల్లెటూరి లుక్కు..."

"నీ లుక్కుకు నా పంట ఎగజల్లాల్నా? ఒక్క గింజ ఏట్ల పడ్డదంటే నీ కెమెరా దాని ఎంబడే పోతది!"

పెళ్లికొడుకు నవ్వాడు. పెళ్లికూతురు మాత్రం నవ్వలేదు. గౌను మోకాళ్ల దాకా ఎత్తి పట్టుకుని, చెప్పులు విప్పి చేత పట్టుకుని, అంచు రాళ్ల మీదుగా దాటింది. "మాదీ కల్వకుర్తి దిక్కు పల్లెనే అవ్వా. మా బాపు రోడ్డు మీదనే పోస్తడు. మొన్న ఒకడు లారీ ఎక్కించిపోయిండు" అంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఆ రోజు మొత్తంలో కోపం రానిది ఆమె ఒక్కతి మీదే.

అట్లా ఉండగా కారు దిగాడు పార్కూ వంతెనా చూసుకునే సారు. వడ్లను చూసి, కాలి బూటు గాలిలోనే ఆపాడు.

"ఎవరమ్మా ఇది పోసింది? సాయంత్రం ఇక్కడ కొత్త లైట్ల ప్రోగ్రాం ఉంది. పెద్దోళ్లొస్తున్నరు. గంటల తియ్యాలె. లేకుంటే మనుషులను పెట్టి ఎత్తిస్త."

"ఎత్తియ్యి సారు. ఎత్తిచ్చి యాడ పోస్తవో గది చెప్పు. కల్లం కట్టిస్తమన్నరు గదా, గాడ పోయి."

"కల్లం సంగతి మాకు తెలియదు. అది మా పని కాదు."

"మరి బండ మీద మట్టి పోసింది ఎవరి పని?"

"అది పార్కు. అది వేరు."

"గడ్డి మాడిపోతాంది సారు. ఊరి నీళ్లన్నీ తాగి కూడా మాడిపోతాంది. కింద ఉన్నది బండ. మా వడ్లు ఆరే జాగా అది. గడ్డి కోసం కాదు దాన్ని దేవుడు పెట్టింది."

"నాతోని వాదన పెట్టుకోకమ్మా. ఒక గంట." గడియారం చూసుకుని కారులో కూర్చున్నాడు.

నేను ఒళ్లు తెలియకుండా అరిచి ఉండేదాన్ని. కానీ కోడలు నా కొంగు లాగింది. "అత్తా, అటు చూడు." పడమర మబ్బు లేచింది. ఇందాకటి దాకా కొండ వెనుక ఉన్నది కొండంత అయింది. గాలి ఒక్కసారి చల్లబడింది. వడ్ల మీద దుమ్ము సుడి తిరిగింది.

కొడుకు ట్రాలీవాడికి ఫోను చేశాడు. వాడు పట్నం అవతల ఇంకొకరి వడ్ల దగ్గర ఇరుక్కున్నాడు. అందరికీ అదే మబ్బు. వంతెన మీదే కుప్ప చేసి కప్పుదామని కోడలు అంది. వద్దన్నాను. ఆ నున్న రాళ్ల బాటకు అంచు గట్టు ఉంది. ముందు పడిన వానకు అక్కడ నీళ్లు నిలవడం నేను చూశాను. కుప్ప అడుగు నుంచి నాని ఉబ్బిపోతుంది.

"పార్కుల పోద్దాం" అన్నాను. "గడ్డి మీద. కింద మన బండనే ఉంది. ఎటు వాలిందో నాకు ఎరుకే."

సంచుల్లోకి ఎత్తాం. చాటలతో, తట్టలతో, చేతులతో. చెల్లె తన వడ్లు వదిలేసి ముందు మావి ఎత్తింది. మాది అయ్యాక నేను ఆమెవి ఎత్తాను. ఆ కల్వకుర్తి పిల్ల గౌను నడుముకు ముడేసుకుని సంచి మూతి పట్టుకుని నిలబడింది. ఫొటోలాయన దాన్నీ ఫొటో తీస్తుంటే "నువ్వు గూడ పట్టవోయ్" అని తిట్టింది. పార్కు గేటు వంతెన దిగిన చోటే ఉంది. గేటుకు గొళ్లెం. సారు కారు అద్దం దించి, "పార్కులో అడుగు పెట్టొద్దు!" అని అరిచాడు. కావలి పిల్లవాడు ఈల జేబులో వేసుకుని, పోయి గొళ్లెం తీశాడు.

కుప్ప పోసేసరికి చినుకులు మొదలయ్యాయి. మాకు ఉన్నది కప్పడానికి ఒక్క పరదా పట్టా, అదీ చెల్లె కుప్పకు సరిపోయింది. మరి మాది? పార్కు కంచె పొడుగునా సాయంత్రం ప్రోగ్రాం ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. మనిషికంటే పెద్దవి. ఒక్కొక్క దాని మీద నమస్కారం పెట్టే మొహాలు. కోడలు కొడవలి పట్టుకుని తాళ్లు కోయబోయింది.

"కోయకు! ముడి విప్పు. తాడు పనికొస్తది" అన్నాను.

విప్పాం. వడ్ల దగ్గరికి ఈడ్చుకొచ్చాం. రంగు కారితే గింజకు అంటకూడదని నేను తెల్లటి వెనుక వైపు కిందికి, మొహాలు పైకి వేయబోయి, మళ్లీ ఆలోచించి చేత్తో రుద్ది చూశాను. రంగు అంటలేదు. బొమ్మ వైపే నున్నగా ఉంది, వెనుక వైపు గరుకు. నీళ్లు గరుకు వైపు ఆగుతాయా, జారుతాయా అని చూస్తుంటే కారులోంచి కేక.

"ఏయ్! ఫొటోలు! మొహాలు పైకి పెట్టకండమ్మా, తొక్కుతరు!"

సరేనని బోర్లా తిప్పాను.

"అరే, మొహాలు కింద పెడ్తవా!"

"పైన పెడితె తడుస్తరు సారు. కింద వడ్లున్నయి. వెచ్చగ ఉంటరు."

కావలి పిల్లవాడు అటు తిరిగి భుజాలు కదిలేలా నవ్వాడు. నేను నవ్వలేదు. అంచుల మీద రాళ్లు పెడుతున్నాను.

తర్వాత వాన కుండపోతగా కురిసింది. మేము తలో మూల ఫ్లెక్సీ మీద కూర్చుని, గాలికి లేవకుండా పట్టుకున్నాం. వంతెన తీగలు కనబడలేదు, స్తంభాలు కనబడలేదు. ప్రోగ్రాం వద్దనుకున్నారని సారు కారు వెళ్లిపోయాక తెలిసింది. పొద్దు ఇంకా మిగిలి ఉండగానే వాన వెలిసింది.

నేను లేచి చూసినప్పుడు కుప్పకు ఎగువన పార్కువాళ్లు పోసిన మట్టి లేదు. ఎర్రటి నీళ్లయి ఏట్లోకి జారిపోతోంది. గడ్డి చాపలు వాలు వెంట కిందికి జారి, కంచె దగ్గర ముడతలు పడి, తీసి పడేసిన పాత బొంతల్లా కుప్పపడ్డాయి. ఆ ఖాళీలో బండ బయటపడింది. ఎక్కువ కాదు, రెండు మంచాలు వేసుకునేంత. దాని మీద రెండు తెల్ల చారలు.

చెప్పులు విడిచి దాని మీద నిలబడ్డాను. పైన వాన నీళ్లు చల్లగా ఉన్నాయి, లోపలి నుంచి బండ వేడి ఇంకా అరికాళ్లకు తగులుతోంది. మా అత్త వేలు పెట్టి చూపించిన చోటే.

"అక్కా, నాది కింద ఇంకా మట్టిలనే ఉంది" అంది చెల్లె.

"నా జాగల పొయ్యి. నాదాంట్ల నీది లేదా" అన్నాను.

మరునాడు ఎండ కాసింది. ఆ కాస్త బండ మీద వంతులు వేసుకుని ఆరబోశాం. పొద్దున ఆమెవి, మధ్యాహ్నం మావి. సారు వచ్చి కేసు పెడతానన్నాడు. పెట్టుకో అన్నాను. ఊరి ఆడవాళ్లందరూ చాటలు పట్టుకుని వచ్చి కంచె దగ్గర నిలబడ్డారు. ఆయన కారు దిగలేదు. కుప్ప అడుగున కొన్ని తడిసి మొలక వచ్చాయి. వాటిని వేరు చేసి కోళ్లకు పెట్టాను, పారేయలేదు. మిగతావి కేంద్రంలో తీసుకున్నారు. విత్తనాలకు ఉంచుకున్నవి మా అటక మీద ఉన్నాయి. ఆ ఫ్లెక్సీలు కూడా ఉన్నాయి, మడతపెట్టి, వాటి తాళ్లతోనే కట్టి.

ఆ వారమే లారీ వచ్చి బండ మీద మళ్లీ మట్టి పోసింది. ఈసారి మట్టి జారకుండా కింద వల వేశారు. కొత్త గడ్డి పరిచారు. వంతెన మీది నడకబాటకు రెండు కొసలా ఇనుప కమ్మీలు అడ్డం పెట్టారు, సంచి మోసుకుని మనిషి దూరలేనంత దగ్గరగా. ఇంత ఇనుము దొరికింది, ఇంత మట్టి దొరికింది, రోజూ ట్యాంకరు నీళ్లు దొరుకుతున్నాయి. ఒక్క కల్లానికి మాత్రం వాళ్లకు సిమెంటు దొరకలేదు. అడిగితే కాగితం పైకి పోయిందంటారు.

నేను సాయంత్రాలు పార్కుకు పోతాను. లోపలికి పోవడానికి ఎవరి అనుమతీ అడగను. ఆ చోటికి పోయి, చెప్పు విడిచి, మడమతో గడ్డిని గీకుతాను. వల ఒక చోట తెగింది. కాస్త మట్టి పోయింది. కావలి పిల్లవాడు చూస్తాడు, పట్నం వైపు తిరుగుతాడు. చెల్లె కూడా వస్తుంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు, కూర్చుని చేత్తో గీకుతుంది.

ఫొటోలు దిగేవాళ్లకు ఆ చోటే కావాలి, అక్కడి నుంచి తీగలు బాగా కనబడతాయట. "జరుగు అవ్వా" అంటారు.

"కల్లం యాడుందో చెప్పుండ్రి, జరుగుత" అంటాను.